పన్నెండు గీతలు

"వద్దంటే వద్దు! నా బుర్రేమైనా కుట్టుమిషనా, మోటారు బిగించడానికి?" టైలరు మాస్టారు కుర్చీలోంచే కస్సుమన్నాడు.

"తలలోకి సన్నటి తీగలు దించి కొంచెం కరెంటు పంపుతారంతే. చాలామంది మళ్లీ నడుస్తున్నారట," అంది భార్య. "సాయంత్రంలోగా ఏ సంగతో చెప్పమన్నారు డాక్టరుగారు. ఇంకా ముదిరితే చేసినా ఫలితం ఉండదటండీ."

"ముదిరితే కదా! ఏడాదయింది. ముదిరిందా? చూడు."

కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. పార్కిన్సన్స్ వచ్చాక గుమ్మం కనబడితే చాలు, కాళ్లు నేలకు అతుక్కుపోతున్నాయి. నేలమీద గీతలుంటే మాత్రం వాటిని చూసుకుంటూ అడుగు వేయగలడు. అందుకే ఏడాది కిందట గోడకు ఆనించి కుర్చీ వేసుకుని, అక్కణ్ణుంచి గుమ్మం దాకా ఇరవై అంగుళాలకొకటి చొప్పున భార్య చేత సుద్దగీతలు గీయించాడు. ఇల్లు తుడిచినప్పుడల్లా ఆమే మళ్లీ గీస్తోంది.

"ఒకటి... రెండు..."

చూపు గీతమీద నుంచి తీయకుండా నడిచాడు. ఒక్క గీతా తప్పలేదు. పన్నెండో గీతకు గుమ్మం చేతికందింది.

"చూశావా? ఆ రోజూ పన్నెండే, ఈ రోజూ పన్నెండే! మనిషిని చూసి చొక్కా కొలత చెప్పేసేవాణ్ణి. నా అడుగు సంగతి నాకు తెలీదూ?"

సంతోషించాల్సింది పోయి ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. పని మానేసినా ఆయన మెడలోంచి దిగని టేపును తీసి, వంగి రెండు గీతల మధ్య పరిచింది.

"మీరే చదవండి."

"పద... కొండు. ఇరవై కదా ఉండాలి?"

"మీ అడుగు అందనప్పుడల్లా కాస్త దగ్గరగా గీస్తూ వచ్చాను. మీరు దిగులుపడతారని. అదే ఇలా ఆపరేషన్‌కు అడ్డం పడుతుందనుకోలేదు."

"అబద్ధం! నన్ను ఒప్పించడానికి ఇవాళే గీసుంటావు. గీతలు దగ్గరైతే లెక్క పెరగాలిగా? పన్నెండుకే గుమ్మం ఎలా వచ్చింది?"

ఆమె ఆయన భుజాలు పట్టుకుని మెల్లగా వెనక్కి తిప్పింది.

ఏడాదిగా నేలను తప్ప మరి దేన్నీ చూడకుండా నడిచిన మాస్టారు తలెత్తి చూశాడు. ఆయన తల ఆనిన నూనె మరక గోడమీద అలాగే ఉంది. కుర్చీ మాత్రం దానికి మూడు గజాలు ఇవతలికి వచ్చేసింది.