మోగని కర్ర

"గా బోర్డు వద్దు. వాపస్ ఇచ్చెయ్."

ప్రియాంక చివ్వున తల తిప్పింది.

బాన్సువాడ బస్టాండు ఎదుట ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణం అది. ఆ మాట అన్నది దుకాణదారు దేవదాస్ కాదు. మూలన స్టూలు మీద కూర్చుని చిక్కుపడ్డ వైర్లు విడదీస్తున్న ఒక ముసలామె.

"నిన్నెవరు అడిగిండ్రు?" అంది ప్రియాంక.

ప్రియాంకది పక్క తండా. ఊళ్లో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరు. సెలవు దొరికితే చాలు, వైర్లూ బల్బులూ ముందేసుకుని కూర్చుంటుంది. కోళ్ల గూటి తలుపు పొద్దున్నే దానంతటదే తెరుచుకుంటుందంటే అది ఆమె చలవే.

ఈసారి చేసేది మాత్రం సరదాకు కాదు. నాయనమ్మ లచ్చికి చూపు పోయి ఏడాదైంది. ఎదురుగా అడ్డం ఉంటే కూత పెట్టే చేతికర్ర చెయ్యాలి. దాన్ని నడిపే మైక్రోకంట్రోలర్ కోసం వారం రోజులు ఇంటర్నెట్ గాలించి, వైఫై ఉన్న పెద్ద బోర్డును ఎంచుకుంది. ఇంతసేపూ దేవదాస్‌కు చెప్పింది ఆ సంగతే.

"ఏదీ, ఇటియ్యి." ముసలామె చెయ్యి చాపింది.

దేవదాస్ మారుమాట లేకుండా బోర్డు తీసి ఆ చేతిలో పెట్టాడు. ఆమె బొటనవేలితో దాని అంచులు తడిమింది. కొత్త బోర్డును ఆ మురికి వేళ్లతో అలా నలుపుతుంటే ప్రియాంకకు ఒళ్లు మండింది.

"గింత పెద్దది కర్రకెందుకు? వైఫైతోని మీ అవ్వ ఏం జేస్తది?"

"ఆమె యాడుందో నా ఫోన్ల కనబడాలె."

"పొలం గట్ల మీద వైఫై ఎవడు పెట్టిండు?"

దేవదాస్ నవ్వు ఆపుకున్నాడు. ప్రియాంక మొహం ఎర్రబడింది.

"అగ పోరీ, దీనికి ఆకలెక్కువ," అంది ముసలామె మరాఠీ యాస కలిపి. "పొద్దుగాల బ్యాటరీ నింపితే పగటేలకే ఖతం."

"పోరీ గీరీ అనకు. రోజూ రాత్రి చార్జింగ్ పెడత."

"కరెంటు పోతే?"

ప్రియాంక పర్సులోంచి డబ్బులు తీసింది.

"ఎనిమిది కాళ్ల చిప్పుంటది, గది తీస్కో. పని లేనప్పుడు కునుకు తీస్తది. వారాలకు వారాలు నడుస్తది."

"గది చిన్నపిల్లలు ఆడుకునేది."

"కర్ర మోగలేదంటే ముంగట ఏం లేదని. బ్యాటరీ చచ్చినా మోగదు. రెండిట్ల ఏదో మీ అవ్వకెట్ల ఎర్కైతది? బ్యాటరీ చచ్చేముందు ఒక్క కూతన్న పెట్టేటట్టు చెయ్యి."

ఇన్ని మాటలన్నది గానీ మొహమైనా ఇటు తిప్పలేదు. ప్రియాంకకు తల కొట్టేసినట్టయింది.

"ఏం చదివినవ్ నువ్వు? నేను డిప్లొమా చేసిన. వైర్ల చిక్కు తీసేటోళ్లు నాకు చెప్పుడేంది?"

"గట్ల కాదమ్మా," దేవదాస్ అడ్డొచ్చాడు. "హీరాబాయి అక్క అంటే..."

"ఎవరైతే నాకేంది? బోర్డు పొట్లం కడ్తవా, ఇంకో దుకాణం చూస్కోవాల్నా?"

హీరాబాయి బోర్డును బల్ల మీద పెట్టింది. మళ్లీ వైర్ల మీద పడింది.

కర్ర పది రోజుల్లో తయారైంది. గోడ ఎదురైతే కూత, మంచం ఎదురైతే కూత. లచ్చి ఏడాది తర్వాత వాకిలి దాటింది. తండా చివరనున్న చెల్లెలింటికి ఒక్కతే వెళ్లి వచ్చి, చిన్నపిల్లలా నవ్వింది. ఆ సాయంత్రం ప్రియాంకకు దుకాణంలోని ముసలామె గుర్తొచ్చింది. 'ఇప్పుడు చూడాలె ఆమె మొహం' అనుకుంది.

మరో వారానికి గాలివాన వచ్చింది. రాత్రంతా కరెంటు లేదు. పొద్దున్నే ఆఫీసు తొందరలో ప్రియాంక కర్ర సంగతి మరిచిపోయింది.

మధ్యాహ్నం ఫోనొచ్చింది. దారిలో ఎవరో నిలిపిన ట్రాక్టర్ ట్రాలీ కొక్కేనికి తగిలి లచ్చి పడిపోయింది. తుంటి ఎముక విరిగింది.

దవాఖానలో నాయనమ్మ ఒక్క మాటే అంది. "అది సప్పుడు చెయ్యలే బిడ్డా. తొవ్వ ఖాళీగ ఉందనుకున్న."

మూడు వారాల తర్వాత ప్రియాంక దుకాణానికి వెళ్లింది. బోర్డును బల్ల మీదికి విసిరింది.

"అమ్మేటప్పుడు నువ్వైన ఒక మాట చెప్పొద్దా?"

దేవదాస్ బోర్డు వైపు చూడలేదు. "చెప్పిందెవరు మరి? నోరు మూయించిందెవరు?"

ప్రియాంక స్టూలు వైపు చూసింది. దాని మీద అట్టపెట్టెలున్నాయి.

"ఏదీ ఆమె? కొత్త కర్ర చెయ్యాలె. ఆ చిప్పు గురించి అడగాలె."

"అడుగుదువు. ఎవర్ని అడుగుతవ్?" దేవదాస్ గొంతు కరుకుగా ఉంది. "జ్వరమొచ్చి పోయిన మంగళవారం సచ్చిపోయింది. దినాలు కూడ కాలే."

రోడ్డు మీద బీర్కూర్ బస్సు హారన్ కొడుతూ పోయింది.

"ఆమె... నీ దగ్గర పనిచేసేదా?" ప్రియాంక మెల్లగా అడిగింది.

"పనా? నాకు సోల్డరింగ్ నేర్పిందే ఆమె. జుక్కల్ ఊళ్లె రేడియోలు బాగుచేస్తుండె." దేవదాస్ బోర్డును కాగితంలో చుట్టి ఆమె ముందుకు తోశాడు. "తొమ్మిదేండ్ల కింద రెండు కండ్లూ పోయినయ్, గప్పటి సంది గిట్లనే మోగే కర్ర తనే చేస్కొని, దాన్ని పట్టుకొనే ఒక్కతే బస్సెక్కి వస్తుండె."