పసుపు చొక్కా జట్టు

"ముందు నలుగురూ దాడికి పోతే వెనక ఇల్లు ఎవడు కాయాలి?" అంటూ వంశీధర్ టీవీకేసి చెయ్యి చూపించాడు.

"బ్రెజిలోళ్లు ఇల్లు కాయనీకి రారన్నా, గోల్ కొట్టనీకొస్తరు," అన్నాడు రాఘవేందర్. "అసలు కథ ఆ రైట్ బ్యాక్ దగ్గరుంది. ముసలోడైండు. పైకి పోతుండు గానీ, మల్ల వెనక్కి ఉరుకుతలేడు."

కుసుమకుమారి పకోడీల పళ్లెం ఇద్దరి మధ్యా పెట్టి సోఫా చివర కూర్చుంది. ముందు ఒకణ్ణి తగ్గించి నడుమ ఒకణ్ణి అడ్డం పెడితే సరిపోతుంది కదా అని తన మాటగా చెప్పింది. అదీ నిజమేనని ఇద్దరూ తలలాడించారు.

రాత్రి అయిపోయిన ఆటనే సాయంత్రం మళ్లీ వేస్తున్నారు. ఎవరు గెలిచారో ముగ్గురికీ తెలుసు. అయినా వాదన ఆగకూడదు. ఆగిందంటే ఆ పంజగుట్ట ఇంట్లో మిగిలేది గోడ మీద దండ వేసిన భార్గవ్ ఫోటో, బీరువా మీద దుమ్ము పట్టిన అతని క్రికెట్ బ్యాటు, వాటిని చూస్తూ కూర్చునే అతని తల్లి కుసుమకుమారి.

మార్చిలో బేగంపేట దగ్గర భార్గవ్ బండి జారింది. ఆసుపత్రికి చేరేలోపే అంతా అయిపోయింది. కర్మలు ముగిసేదాకా కుసుమకుమారి ఎవరితోనూ పలకలేదు, కంట తడి పెట్టలేదు. చుట్టాలు భయపడ్డారు. చివరికి ఆవిడ నోరు విప్పింది కొడుకు స్నేహితుడు వంశీధర్‌ని చూశాకే. "ప్రపంచ కప్పు వస్తోందటగా బాబూ. ఎప్పట్లాగే ఇక్కడికే వచ్చి చూడు," అంది. అంతే, ఆవిడని ఈ లోకానికి కట్టి ఉంచిన తాడు ఈ ఆటేనని వంశీధర్ నమ్మాడు. దాన్ని తెంపకూడదనుకున్నాడు.

చిక్కల్లా ఒక్కటే. వంశీధర్‌కి ఫుట్‌బాల్ రాదు.

తణుకు నుంచి కొత్తగా దిగిన రోజుల్లో అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద చవగ్గా వస్తోందని పసుపు టీషర్ట్ ఒకటి కొన్నాడు. అది ఏ దేశం జట్టుదో, వీపు మీద ఆ అంకె ఎందుకుందో అతనికి తెలియదు. దాన్ని వేసుకునే జావా క్లాసుకి వెళ్లాడు. ఊళ్లో తెలిసిన మనిషి లేడు. వెనక బెంచీలో ముడుచుకుని కూర్చుంటే, భార్గవ్ వచ్చి పక్కన చేరాడు. "బ్రెజిల్ ఫ్యానా?" అన్నాడు. పలకరించిన ఒక్క మనిషినీ పోగొట్టుకోవడం ఇష్టంలేక వంశీధర్ అవునన్నాడు. భార్గవ్ మొహం వెలిగింది. ఇంకేముంది, వీడికి ఈ ఆటంటే పిచ్చి అనుకున్నాడు వంశీధర్.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కాడు, కడుగుతూనే ఉన్నాడు. పేపర్లో ఆటల పేజీ బట్టీ పట్టేవాడు, జట్ల పేర్లు వల్లెవేసేవాడు. భార్గవ్ ఒకసారి, "ఆఫ్‌సైడ్ అంటే నువ్వు ఎలా చెప్తావురా?" అని అడిగితే, పరీక్ష పెడుతున్నాడనుకున్నాడు. ఏదో గొణిగాడు. భార్గవ్ తల ఊపాడు. మ్యాచ్ మధ్యలో భార్గవ్ కునుకు తీస్తే, పాపం ఆఫీసులో అలిసిపోయాడనుకుని లేపేవాడు కాదు.

ఇప్పుడు వాదించడానికి మనిషి లేడని రూమ్మేట్ రాఘవేందర్‌ని వెంటేసుకొస్తున్నాడు. అతనికీ క్రికెట్ తప్ప మరోటి తెలియదు. అమీర్‌పేట నుంచి నడిచొస్తూ దారిలోనే పంచుకుంటారు. ఇవాళ నువ్వు రైట్ బ్యాక్‌ని తిట్టు, నేను ఫార్మేషన్‌ని తిడతా. రేపు మార్చుకుందాం. రాఘవేందర్ విసుక్కోడు. "అమ్మ రెండు ముద్దలు తింటుంది కదన్నా, జర తిట్టుకుందాం తియ్," అంటాడు.

ఉన్నట్టుండి కరెంటు పోయింది. టీవీ ఆగింది, ఫ్యానూ ఆగింది. రాఘవేందర్ పళ్లెంలో మిగిలిన పకోడీ వైపు చూశాడు గానీ తీసుకోలేదు. బట్టీ పట్టుకొచ్చినదంతా అప్పటికే అయిపోయింది.

స్నేహితుడు పోయినందుకు వంశీధర్‌కి ఇంతవరకూ ఏడుపు రాలేదు. పళ్ల డాక్టరు సూది వేసిన చెంపలా లోపలంతా మొద్దుబారిపోయింది. ఆఫీసుకి వెళ్తున్నాడు, తింటున్నాడు, ఇక్కడికొచ్చి అరుస్తున్నాడు. తన గొంతు తనకే పక్కింటివాడి గొంతులా వినిపిస్తోంది.

కుసుమకుమారి విసనకర్రతో ఇద్దరికీ విసురుతూ అడిగింది. "ఆఫ్‌సైడ్ అంటే ఏంటో ఒకసారి చెప్పు నాయనా. ఎంత చదివినా నాకది ఎక్కట్లేదు."

వంశీధర్ నోరు తెరిచాడు. భార్గవ్ అడిగిన రోజు గొణిగింది ఏమిటో కూడా గుర్తు రాలేదు. చచ్చినవాడి ఇంట్లో కూర్చుని, వాడి తల్లి పెట్టింది తింటూ ఇంకెన్నాళ్లు బొంకాలి అనిపించింది. చెబితే ఆ తాడు తెగుతుందేమోనని భయమూ వేసింది. రాఘవేందర్ వద్దన్నట్టు మోకాలితో పొడిచాడు.

"నాకూ తెలీదాంటీ," అన్నాడు.

ఆవిడ విసనకర్ర ఆగింది.

ఇక దాచలేదు. ఫుట్‌పాత్ టీషర్ట్ సంగతి, ఆటల పేజీ సంగతి, దారిలో పంచుకునే తిట్ల సంగతి, అన్నీ తల వంచుకునే చెప్పేశాడు. "ఆ ఆట నాకెప్పుడూ నచ్చలేదు. భార్గవ్‌కి ప్రాణమని నేర్చుకున్నాను. వాడు పోయాక మీ కోసం చూస్తున్నాను. క్షమించండి."

కుసుమకుమారి చాలాసేపు బీరువా మీది బ్యాటుకేసి చూసింది. తర్వాత చెయ్యి చాపి అతని తల నిమిరింది.

"నీకిష్టమనే వాడూ నేర్చుకున్నాడు, నాయనా."