తెరవని ఫోటో

ఆ ముసలాయన మూడోసారి వచ్చేసరికి గాయత్రికి ఒళ్లు మండింది.

నంద్యాల బస్టాండు దగ్గర ఫోన్ల రిపేరు షాపులో ఆమెది ముందు కౌంటరు. పొద్దున్నుంచీ వచ్చిన వాళ్లందరిదీ ఒకటే పాట. ఫోన్ నీళ్ల బకెట్‌లో పడినా అప్‌డేటే కారణం. బ్యాటరీ ఉబ్బినా అప్‌డేటే. వీడియోలతో ఫోన్ నిండిపోయి కదలకపోయినా అప్‌డేటే. ఎంతమందికని చెబుతుంది? చెప్పీ చెప్పీ నోరు ఎండిపోయింది.

"అప్‌డేట్ అయినకాడ్నుంచి టచ్ పోయింది పాపా. నెల దినాలాయ. యేలు పెడితే కదల్దు. కొత్తది తీసేసి పాతదే ఎయ్యి," అన్నాడు ముసలాయన.

మొదటిసారీ ఇదే మాట, రెండోసారీ ఇదే మాట.

గాయత్రి ఫోన్ అందుకుని తెర మీద వేలితో జరిపింది. చక్కగా జరిగింది.

"నా చేతిలో బాగానే ఉండాది కదా తాతా. అప్‌డేట్ వల్ల అద్దం పాడు కాదు. ఎన్నిసార్లు చెప్పాల?"

"మరి నాకెందుకు కదల్దు?"

ఆ మాటకు గాయత్రి కోపం ఇంకా ఎక్కువైంది.

చేతులు కడుక్కుని ముట్టుకోమంది.

కడుక్కునే వచ్చానంటూ ఆయన సిగ్గుపడి నల్లబడిన చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.

"దీంట్లో ఒక ఫోటో ఉండాది. పని చేస్తా మాటిమాటికీ పెద్దది చేసి చూసుకోవాల. ఒకసారి తెరిచి చూడు పాపా, ఎంత బాగుంటాదో."

అప్పుడే గాయత్రి ఫోన్ మోగింది. కోయిలకుంట్ల నుంచి అన్న ఈశ్వర్.

వాళ్ల నాన్న బస్సు కండక్టరుగా చేసి నిరుడు పోయాడు. ఈ ఆదివారం సంవత్సరికం. ఆ రోజు పొలంలో సమాధి దగ్గర పెట్టడానికి ఆళ్లగడ్డలో ఆయన విగ్రహం చేయిస్తున్నారు. ఇంట్లో ఉన్న ఫోటోలన్నిట్లోనూ నాన్న ముఖం బిగించుకునే ఉంటాడు. అందుకే గాయత్రి పట్టుబట్టి అన్నతో శిల్పికి ఒక్క మాట చెప్పించింది: నాన్న నవ్వుతూ ఉండాలి. శిల్పి సరేనన్నాడు. ఇప్పుడేమో పని సాగడం లేదు, ఇంకో వారం కావాలంటున్నాడట.

"చేతకాకుంటే ముందే చెప్పాల్సింది అను," అని గాయత్రి ఫోన్ పెట్టేసింది.

ఆ చిరాకంతా ఎదురుగా ఉన్న ముసలాయన మీదికి మళ్లింది. పాత ప్రోగ్రాం మళ్లీ వేయడం కుదరదని ఆమెకు తెలుసు. కానీ ఫోన్ మొత్తం చెరిపేసి కొత్తదానిలా ఇస్తే, పాతదే వేశారనుకుని ఈ మనిషి మళ్లీ రాడు.

"సరే, పాతదే వేస్తా. మొత్తం చెరపాల," అంది.

"ఫోటో పోతాదా?"

"ఫోటోలు పోవు తాతా. అవి వాటంతటవే పైన నెట్‌లో దాచి ఉంటాయి. ఇంటికి పోయేసరికి వచ్చేస్తాయి."

అలా దాచే ఏర్పాటు ఆ ఫోన్లో ఉందో లేదో ఆమె చూడలేదు. చూడటానికి రెండు నిమిషాలు పట్టేది.

ఆయన నమ్మాడు. ఆమె ఫోన్ మొత్తం చెరిపేసి ఇచ్చింది. సల్లగుండు తల్లీ అని ఫోన్ జేబులో పెట్టుకుని బస్సుకు పోయాడు.

శనివారం అన్నా చెల్లెళ్లిద్దరూ ఆళ్లగడ్డ వెళ్లారు. గట్టిగా నాలుగు మాటలు అడగాలని గాయత్రి దారంతా కూడగట్టుకుంది.

రేకుల షెడ్డులో ఒకాయన నల్లరాతి భుజాన్ని నీళ్లు పోసి సానరాయితో రుద్దుతున్నాడు. అలికిడికి తలెత్తాడు.

ఆ ముసలాయనే.

"ఈయనే మన శిల్పి, దాసరయ్య," అన్నాడు ఈశ్వర్.

గాయత్రి అన్న వెనక్కి జరిగింది. ఆయనా ఆమెను గుర్తుపట్టాడు. సానరాయి పక్కన పెట్టి లేచాడు.

ఈసారి ఆమె ఆయన వేళ్లు చూసింది. కొసల్లో చర్మం చెక్కలా మందంగా గట్టిపడిపోయింది. అలాంటి వేలి తాకిడిని ఫోన్ అద్దం గుర్తించదని ఆమెకు తెలుసు. ఆ మాట చెప్పి జీతం తీసుకునే మనిషే తను.

వేళ్లు అలా అయ్యాయేమని ఈశ్వర్ అడిగాడు.

వంపుల దగ్గర మిషను పోదని, నెల రోజులుగా ఈ విగ్రహాన్ని చేత్తోనే రుద్దుతున్నానని ఆయన చెప్పాడు.

విగ్రహంలో నాన్న కళ్లు వచ్చాయి. మీసం వచ్చింది. భుజాన సంచి పట్టీ కూడా వచ్చింది. మీసం కింద మాత్రం రాయి రాయిగానే ఉంది.

"నోరు ఎందుకు ఇట్లే వదిలేసినావు పెద్దాయనా?" అన్నాడు ఈశ్వర్.

"నా బొమ్మలన్నీ మీ నాయన బస్సులోనే నంద్యాలకు పోయేది అప్పా. ఒకతూరి వినాయకుణ్ణి సీట్లో కూచోబెడితే, ఆ దేవునికే టికెట్ కొట్టి పడీపడీ నవ్వినాడు. ఆ నవ్వు నా ఫోన్లో పట్టుకున్నా. మీకు చెప్పకుండా అదే చెక్కి చూపిద్దామనుకుంటి."

గాయత్రి ముందుకు వచ్చి అడిగింది.

"ఫోటో... మళ్లీ వచ్చిందా తాతా?"

"రాలేదు పాపా," అన్నాడు దాసరయ్య, తప్పు తనదే అయినట్టు.

తర్వాత ఉలి తీసుకుని, ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు.

"నీది అచ్చం మీ నాయన నోరే. ఒకసారి నవ్వు తల్లీ, చూసి చెక్కుతా."