పదకొండు నిమిషాలు

కొంప మునిగిందని చెల్లెలికి తెలిసేసరికి, అన్నయ్య శాక్సఫోను దించి చొక్కా చేతితో మూతి తుడుచుకుంటున్నాడు.

స్టూడియో అద్దానికి ఇవతల, టేపు మిషను ముందు కూర్చుని ఉంది ఆమె. ముప్పై ఏళ్లుగా అదే కుర్చీ, అదే పని. కళ్లు మూసుకుని కూడా ఏ మీట ఎక్కడుందో చెప్పగలదు. ఈ ఒక్కరోజే రికార్డు మీట నొక్కడం మరిచిపోయింది. చూపంతా అన్నయ్య దవడ కింది వాపు మీదే ఉండిపోయింది. పాట మొదలైంది, పదకొండు నిమిషాలు సాగింది, అయిపోయింది. టేపు చక్రం అంగుళం కదల్లేదు.

సోమవారం అతనికి ఆపరేషను. సగం దవడ తీసేస్తామన్నారు డాక్టర్లు. ఆ తర్వాత శాక్సఫోను ఊదడమన్నది కల్ల.

ఈ ఆల్బమంతా ఆ ఒక్క పాట కోసమే. వాళ్ల నాన్న కట్టిన పాట అది. కొడుక్కి శాక్సఫోను నేర్పింది కూడా ఆయనే. స్వరం గీత దాటితే చెవి మెలేసేవాడు. ఆయన పోయి ఇరవై ఏళ్లయినా ఆ చెవికింకా నొప్పి తగ్గలేదు. ఆ పాత పాటనే పట్టుకుని ఎవరూ తొక్కని దారిలోకి వెళ్లాలని అన్నయ్య ఆశ. కానీ ఒక్క రిహార్సల్‌లోనూ కుదిరితే ఒట్టు. గుమ్మం దాకా వెళ్లేవాడు, తిరిగొచ్చేసేవాడు.

"ఏం చెయ్యనే? టేపు తిరుగుతుంటే నాన్న ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నట్టే ఉంటుంది" అనేవాడు. రిహార్సల్సన్నీ కూడా రికార్డు చేసే అలవాటు చెల్లెలిది.

ఈరోజూ అలాగే మొదలెట్టాడు. నాన్న పాట పొల్లు పోకుండా మూడు నిమిషాలు. మధ్యలో ఒకసారి కళ్లు తెరిచి అద్దంలోంచి ఇటు చూశాడు. బాగుందన్నట్టు తలూపిందామె. మళ్లీ కళ్లు మూసుకున్నాడు. అంతే, గీత దాటేశాడు. పాట విరిగిపోయింది, అరిచింది, పసిపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. డ్రమ్మరు వాయించడం మానేసి పుల్లలు ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఓరి నీ దుంపతెగ! ఇన్నేళ్లూ దీన్ని ఎక్కడ దాచావురా?" అన్నాడు చివర్లో, కళ్లొత్తుకుంటూ.

అన్నయ్య అద్దం దగ్గరికొచ్చాడు.

"ఎలా ఉందే?"

"చాలా... చాలా బాగుందన్నయ్యా."

"అయితే చాలు. ఇంకోసారి నా వల్ల కాదు."

చెప్పేద్దామని నోరు తెరిచింది. చివరికి ఖాళీ టేపు చక్రాన్ని తీసి డబ్బాలో పెట్టేసింది.

మూడు వారాలు గదిలోంచి బయటికి రాలేదామె. పాత రిహార్సల్ టేపులన్నీ ముందేసుకుని, బ్లేడుతో కోసి, ముక్కా ముక్కా అతికించి ఒక పాట తయారుచేసింది. పత్రికలు ఆకాశానికెత్తేశాయి. పాతా కొత్తా ఇంత గొప్పగా ఎప్పుడూ కలవలేదన్నాయి. ఒక్కో పొగడ్తా ఆమెకి గుండెలో సూది దిగినట్టుండేది.

అన్నయ్య ఒక్కసారి విన్నాడు. ఆపరేషనుతో మాట పోయింది కదా, చెల్లెలి తల నిమిరి ఊరుకున్నాడు. అది మరీ భరించలేకపోయింది. తిండి సయించలేదు. నిద్ర పట్టలేదు. పుల్లలా అయిపోయింది.

ఏడాది తిరిగేసరికి రోగం మళ్లీ వచ్చింది. ఈసారి డాక్టర్లు ఆపరేషను మాటే ఎత్తలేదు. ఇక దాచడం ఆమె వల్ల కాలేదు. మంచం పక్కన కూలబడింది.

"అన్నయ్యా, ఆరోజు నేను మీట నొక్కలేదు. నీ పాట లేదు. బతుకంతా నువ్వు ఎదురుచూసిన పాటని నా చేతులతో నేనే చంపేశాను" అంటూ బావురుమంది.

అతను పలక అందుకున్నాడు. మెల్లగా రాసి, ఆమె వైపు తిప్పాడు.

"పిచ్చిమొద్దూ, టేపు తిరగడం లేదని చూశాకే కదే, నేను నాన్న పాట వదిలి నా పాట వాయించింది!"