కట్టినవాడే ముందు ఎక్కాలి

"చెవి పెట్టి విను," అన్నాడు మేస్త్రీ.

ఒక ఇనుప గొట్టం ఇంకో గొట్టంలోకి దూరింది. పిన్ను టక్కుమంది.

"వినపడింది," అన్నాడు వచ్చినతను.

"వినపడితే సరిపోదు. పట్టుకుని లాగి చూడు."

అతను లాగి చూశాడు. గొట్టం కదల్లేదు. మేస్త్రీకి మాత్రం సంతోషం కలగలేదు. అది ఊడి చేతిలోకొస్తే బాగుండుననిపించింది. 'నీకింకా చేతకావడం లేదయ్యా, ఒక నెల ఆగి రా' అని పంపించేయొచ్చు.

బయట ఆటో ఆగి ఉంది. లోపలి గదిలో మేస్త్రీ భార్య పాప గౌన్లు సంచిలో సర్దుతోంది. సర్దినవే బయటికి తీసి, మళ్ళీ సర్దుతోంది. ఈ పూట పాప ఈ మనిషి వెంట వెళ్ళిపోతోంది. ఇస్తానని మాటిచ్చింది మేస్త్రీయే. మాటిచ్చిన రోజున ఇంత కష్టమనుకోలేదు.

ఇరవై ఏళ్ళ కాపురంలో ఆ ఇంట్లో వినపడ్డ మొదటి పసి ఏడుపు ఆ పాపదే. మొదటిసారి చేతుల్లోకి తీసుకున్నప్పుడు నట్టంత ఉందని మేస్త్రీ 'నట్టమ్మ' అన్నాడు. ఇంట్లో అదే పిలుపైపోయింది. భార్య ఎన్నిసార్లడిగినా, అసలు పేరు తర్వాత చూద్దాంలే అని దాటేస్తూ వచ్చాడు.

నట్టమ్మకి ఉయ్యాల్లో పడుకోబెడితే తప్ప కన్ను మూతపడదు. అద్దె ఇల్లు కాబట్టి పైకప్పుకి కొక్కెం కొట్టే వీల్లేదు. అందుకే విప్పి సంచిలో పెట్టుకుని ఎక్కడికైనా మోసుకెళ్ళగలిగే ఈ ఉయ్యాల స్టాండు కొన్నాడు. ఆరు గొట్టాలు, నాలుగు పిన్నులు, రెండు కొక్కేలు, మందపాటి గుడ్డ. ఇక మీదట దీన్ని బిగించాల్సింది ఈ వచ్చినతనే. మేస్త్రీ గుండె రాయి చేసుకుని నేర్పుతున్నాడు.

"మీ ఇంట్లో నేల ఎలా ఉంటుంది?"

"సిమెంటు నేల, మేస్త్రీ గారూ."

"అయితే కాళ్ళకున్న రబ్బరు తొడుగులు తియ్యకు, జారుతుంది. గోడకి నాలుగడుగుల దూరంలో పెట్టు. ఉయ్యాల నీ మోకాలికి మించి ఎత్తులో ఉండకూడదు. కింద బొంత పరుచు. గుడ్డ ఎక్కడన్నా చిరిగిందేమో రోజూ చూసుకో. పాప నిద్రపోగానే తీసి మంచం మీద పడుకోబెట్టు. ఉయ్యాల్లో వదిలేసి బీడీ కాల్చుకోవడానికి పోయావో..."

"నాకు బీడీ అలవాటు లేదండీ."

"టీకైనా సరే!"

"ఎక్కడికీ పోను. మా అక్క కూడా వచ్చి ఉంటానంది."

అతనికి తోడుండే పెద్దదిక్కు ఆ అక్కొక్కతే. భార్య పోయి రెండేళ్ళు దాటింది. మనిషి మెత్తన. పని మాత్రం మహా నిదానం. ఒక్క పిన్ను బిగించి లేవడానికి రెండుసార్లు గోడ పట్టుకున్నాడు. ఇంకొకరైతే మేస్త్రీ ఈపాటికి నాలుగు దులిపేవాడు.

"సరే, ఇక కూర్చో."

"నేనా?"

"వంద కిలోలు ఆపుతుందిలే. కట్టినవాడే ముందు ఎక్కాలి."

అది మేస్త్రీ పని నియమం. పెద్ద భవనాలకు గోడలు పూసేవాళ్ళు నిలబడే పరంజా కట్టడం అతని పని. పరంజా కట్టగానే తను ఎక్కి, నాలుగు మూలలా తొక్కి చూశాకే ఇంకొకర్ని ఎక్కనిచ్చేవాడు. పాతికేళ్ళలో ఒక్కరోజు తొందరలో ఆ నియమం తప్పాడు. తను ఎక్కకుండానే ఒక పనివాణ్ణి ఎక్కమన్నాడు. ఆ రోజే ఒక పిన్ను సరిగ్గా కూర్చోలేదు. మూడో అంతస్తు ఎత్తు నుంచి ఆ మనిషి నేల మీద పడ్డ చప్పుడు మేస్త్రీ చెవుల్లో ఇంకా ఉంది. ఆ తర్వాత మేస్త్రీ పరంజా జోలికి పోలేదు.

వచ్చినతని ముఖం పాలిపోయింది. ఉయ్యాల వైపు చూశాడు గానీ అడుగు ముందుకు పడలేదు.

మేస్త్రీ విసుక్కోలేదు. దగ్గరికొచ్చి స్టాండుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నేనున్నాను. సరిగ్గా మధ్యలో కూర్చో. బరువు మొత్తం దిగేదాకా కాళ్ళు నేల మీదే ఉంచు. ఆ తర్వాత మెల్లగా ఎత్తు."

అతను కూర్చున్నాడు. గొట్టాలు ఒక్కసారి కిర్రుమని సర్దుకున్నాయి. కాళ్ళు ఎత్తాడు. ఉయ్యాల అటూ ఇటూ ఊగింది.

"ఇది పడదు, మేస్త్రీ గారూ," అన్నాడు మెల్లగా.

మేస్త్రీ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి తువ్వాలు కనపడక చొక్కా చేతికే తుడుచుకున్నాడు.

భార్య పాపని ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఇంకొక్క నెల ఆగమనకూడదూ?" అంది.

మేస్త్రీ వచ్చినతనికి చెయ్యిచ్చి ఉయ్యాల్లోంచి లేపాడు. స్టాండు విప్పి, గొట్టాలు లెక్కపెట్టి సంచిలో పెట్టాడు. సంచి తీసుకెళ్ళి ఆటోలో పెట్టొచ్చి, పాప కోసం చేతులు చాచాడు. నట్టమ్మ అతని చొక్కా గట్టిగా పట్టుకుంది. అతన్ని అందరూ పిలిచే పిలుపే దానికీ వచ్చింది.

"మేత్తీ... మేత్తీ..." అని ఏడుపందుకుంది.

మేస్త్రీ ఆ చిన్ని వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీశాడు.

"నాన్న దగ్గరికి వెళ్ళు తల్లీ," అని, ఆనాడు తన పరంజా మీంచి పడి, రెండేళ్ళకు ఆసుపత్రి మంచం దిగి నడిచొచ్చిన ఆ మనిషికి, అతని కూతుర్ని అప్పజెప్పాడు.