మోకాళ్లకి వేరే పథకం

బీమా ఆఫీసులు ఎత్తేసి, ఆ పని ఇళ్ల గోడలకి అప్పజెప్పిన కాలమది. మిలిటరీ బీమా కింద పైడమ్మ మోకాలికి ఆపరేషన్ జరగాలంటే, ఆమె మొగుడి మీద ఆధారపడి బతుకుతోందని గోడ ఒప్పుకోవాలి. రిటైర్డ్ సుబేదార్ గవరయ్య మీసం దువ్వుకుని గోడ ముందు నిలబడ్డాడు.

“ఇది నా మీదే ఆధారపడుంది. రాసుకో.”

“నెల్లాళ్లుగా చూస్తున్నాను సార్,” అంది గోడ. “తువ్వాలు అందించేదీ, బీపీ బిళ్ల గుర్తుచేసేదీ ఆవిడే. ఆధారపడింది మీరు. మీలాంటివాళ్లని మోసినవాళ్ల మోకాళ్లకి వేరే పథకం ఉంది. అందులో ఆపరేషన్ మంజూరు చేశాను.”

పైడమ్మ నవ్వాపుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

గవరయ్యకి ఒళ్లు మండింది. అప్పీలు రాద్దామని కూర్చుని, జేబులన్నీ తడుముకుని, వంటింటివైపు కేకేశాడు.

“ఓలె పైడీ, నా కళ్లజోడు ఎక్కడెట్టినావే?”