తాళంచెవి మర్యాద

“మర్యాదా, పాడా! తాళంచెవి లేందే వీధి తలుపు తెరుచుకోదు, అందుకని దిగుతున్నా. లేకపోతే ఈ మోకాళ్ళతో నీ వెనక నాలుగంతస్తులు ఎవరు దిగుతారక్కా?”

చెల్లెలు నెలిదా ఆ మాట అనేసి, మాతే టీ తాగుతున్న సొరబుర్రను బల్ల మీద ఠక్కున పెట్టింది.

ఎర్మెలిందా చేతిలో ఫోను అలాగే ఉండిపోయింది. అవతల సొంతూరు బెలెన్‌లో పొరుగింటి క్లోతిల్దే “ఏమైందే, ఏమైందే” అంటోంది. బ్యూనస్ ఎయిర్స్ ఎలా ఉందని క్లోతిల్దే అడగబట్టే ఇదంతా వచ్చింది. ఎర్మెలిందా ఉన్నదున్నట్టు చెప్పింది. బస్సులో మోకాలికి మోకాలు తగులుతున్నా పలకరించరని, ఆకాశం చూడాలంటే మెడ పట్టేస్తుందని, మన ఊళ్ళో కోళ్ళగూడే ఈ ఇళ్ళకన్నా విశాలమని. చివర్లో మంచిమాట కూడా చెప్పింది. “ఒక్క మర్యాద మాత్రం ఉందే వీళ్ళకి. మనిషి బయటికెళ్తుంటే వీధి తలుపుదాకా దిగొచ్చి సాగనంపుతారు. చెల్లెలు రోజూ నాకోసం దిగుతుంది.”

నెలిదాకి కోళ్ళగూడే వినబడింది; ఆ మంటంతా మర్యాద మీద చూపించింది.

ఎర్మెలిందా ఫోను కట్టేసింది. మంచం కింద నుంచి సంచీ లాగింది.

“ఐదింటి బస్సుకి పోతున్నా.”

“పదకొండేళ్ళకి వచ్చి పది రోజులకే పోతున్నావా? పో. తలుపు ఎవరు తీస్తారో చూస్తాను.”

లిఫ్టు పాడై మూడు వారాలైంది. ఎర్మెలిందా సంచీ మెట్లకి కొట్టుకుంటూ నాలుగంతస్తులూ కోపంతోనే దిగింది. కింద తలుపు పిడి పట్టుకుని లాగింది. కదల్లేదు. రెండు చేతులతో లాగింది. ఇత్తడి పిడి చల్లగా, మొండిగా ఉంది.

ఆదివారం. కాపలా మనిషి కూతురింటికి వెళ్ళాడు. తలుపు అద్దానికి అవతల వీధి, అద్దం మీద ఇనుప చువ్వలు. అటుగా పోతున్న ఒకావిడకి చెయ్యి ఊపింది. ఆవిడ చేతిసంచీ గట్టిగా పట్టుకుని నడక పెంచింది. తండ్రి భుజం మీద కూర్చున్న చంటిపిల్ల మాత్రం తిరిగి చెయ్యి ఊపింది.

టక్కుమని మెట్ల దీపం ఆరిపోయింది; పట్టపగలే అయినా మెట్ల దగ్గర చీకటి. గోడ మీద రెండు మీటలున్నాయి. మొదటిది నొక్కితే దీపం వెలిగి, రెండు నిమిషాలకి మళ్ళీ ఆరిపోతుంది. రెండోది ముట్టుకోవద్దని నెలిదా మొదటిరోజే చెప్పింది. “అది మోగిందంటే బిల్డింగంతా దిగొస్తుంది.” తాళంచెవి ఒకటి నాకివ్వరాదూ అంటే “పారేస్తావు” అంది.

మూడున్నర దాటింది. బస్టాండుకి నలభై నిమిషాల దారి. ఈ బస్సు తప్పితే మళ్ళీ రేపు సాయంత్రమే. అంటే ఇంకో రాత్రి ఆ గదిలో, గోడవైపు తిరిగి పడుకోవాలి.

పైకెళ్ళి అడుగుదామని ఒక అంతస్తు ఎక్కింది. ఏమని అడగాలి? “నీమీద అలిగాను, తాళంచెవి ఇవ్వు” అనా? ఈ ఊళ్ళో అలిగి వెళ్ళాలన్నా, అలిగిన మనిషి దగ్గరే సెలవు తీసుకోవాలి. మళ్ళీ దిగి వచ్చి పాలరాతి మెట్టు మీద కూర్చుంది. దీపం ఆరింది. లేచి నొక్కింది. మళ్ళీ ఆరింది. ఈసారి లేవలేదు.

చీకట్లో కూర్చుంటే చెల్లెలన్న మాటే గింగురుమంది. రోజూ పొద్దున వీధి తలుపు దగ్గర బుగ్గన ముద్దు పెట్టి, మూల తిరిగేదాకా చెయ్యి ఊపిన మనిషి. అదంతా తాళంచెవి కోసమేనా?

మెట్ల మీద కుక్కగోళ్ళ చప్పుడైంది. మూడో అంతస్తు అత్తిలియో, తను ‘మంత్రిగారు’ అని పిలుచుకునే లావుపాటి కుక్కతో దిగాడు.

“నెమ్మది మంత్రిగారూ, నెమ్మది. అరే, చీకట్లో కూర్చున్నారేంటమ్మా? మీరు నెలిదాగారి అక్కగారు కదూ?”

“తాళంచెవి కోసం చూస్తున్నా.”

“లోపలికి రావడానికా?”

“లోపలే ఉన్నాను కదయ్యా! బయటికి పోవడానికి.”

అత్తిలియో ఆమెని వింతగా చూసి, గోడ దగ్గరికి వెళ్ళి రెండో మీట నొక్కాడు. ఎర్మెలిందా చెవులు మూసుకుంది. బిల్డింగేమీ దిగిరాలేదు. తుమ్మెద ఝుమ్మన్నట్టు ఒక చిన్న చప్పుడు, తలుపు దానంతటదే వదులైంది. వీధిగాలి లోపలికి వచ్చింది.

ఆమె గబుక్కున సంచీ అందుకుని ఒక కాలు గడప అవతల పెట్టింది.

“ఇది... ఇది ఎప్పటినుంచి?”

“రెండేళ్ళయింది. మీటింగులో అందరితో పోట్లాడి ఇది పెట్టించింది మీ చెల్లెలేనమ్మా. వచ్చినవాళ్ళు వెళ్ళేటప్పుడల్లా తలుపు తియ్యడానికి నాలుగంతస్తులు దిగలేను, మోకాళ్ళు పోయాయి అని. అప్పటినుంచి ఎవరొచ్చినా ఇంటి గుమ్మం దగ్గరే వీడ్కోలు. ఈ పదిరోజులూ తాళంచెవి పట్టుకుని రోజూ దిగుతుంటే, పాపం మోకాళ్ళు బాగయ్యాయి కాబోలనుకున్నాం.”

పైన ఎక్కడో తాళంచెవుల గలగల. ఒక్కో మెట్టుకీ ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ గలగల.

ఎర్మెలిందా గడప దాటిన కాలు లోపలికి లాక్కుంది. అత్తిలియోని, మంత్రిగారిని కలిపి వీధిలోకి తోసింది.

“మీరు నాకేమీ చెప్పలేదు, సరేనా?” అని, లోపలినుంచి తలుపు గట్టిగా మూసుకుంది.